కొత్త పరాన్నజీవి కందిరీగకు ప్రజాతి, జాతి పేర్లు పెట్టి వర్ణన రాయడం ఎలా?

పిండినల్లి పట్టిన కొమ్మను తెచ్చి గాజుసీసాలో పెడితే కొన్ని రోజుల్లో అందులోంచి మిల్లీమీటరు పొడవు కందిరీగలు బయటికి వస్తాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. మీ దగ్గరున్న ఏ పుస్తకంతోనూ అవి కలవవు. ఆ క్షణంలో గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. ఆ ఊపులో నెల తిరక్కుండానే ‘కొత్త ప్రజాతి, కొత్త జాతి’ అని పేపరు రాసి పంపేవాళ్ళను చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

శాస్త్రీయ నామం మన తెలుగువాళ్ళ పేరు లాంటిదే. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ప్రజాతి ఇంటిపేరు, జాతి సొంత పేరు. కొత్త జాతి అంటే తెలిసిన ఇంట్లో కొత్త బిడ్డ. కొత్త ప్రజాతి అంటే ఇంతవరకూ ఎవరూ ఎరగని వంశం. ఆ రెండో మాట అనాలంటే సాక్ష్యం ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. నేను ఎక్కువగా పనిచేసింది ఎన్‌సిర్టిడే కుటుంబం (పిండినల్లుల వంటి పురుగుల ఒంట్లో పెరిగే చిన్న కందిరీగల కుటుంబం) మీద కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను. మిగతా కుటుంబాలకూ పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: సేకరణ

పసుపు ప్లాస్టిక్ పళ్ళాల్లో నీళ్ళు పోసి, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం, కాస్త ఉప్పు వేసి పొలం గట్టున పెట్టండి. మర్నాడు టీ వడపోత గుడ్డలో వడకట్టండి. చేతివల అయినా, గుడారంలా కట్టే మలేజ్ వల అయినా ఫర్వాలేదు. నమూనాలను 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఫ్రిజ్‌లో దాచండి. అడవిలోనైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

కానీ నా మాట వింటే పురుగునే తెచ్చి పెంచండి. పళ్ళెంలో పడిన కందిరీగ ఏ పురుగును తిని పెరిగిందో ఎవరూ చెప్పలేరు. పిండినల్లి మమ్మీని (లోపల కందిరీగ పెరుగుతుండగా చచ్చి గట్టిపడిన పిండినల్లిని) ఒక్కొక్కటిగా చిన్న గాజు గొట్టంలో పెట్టి దూదితో మూత వేస్తే ఆతిథేయి, అంటే అది తిని పెరిగిన పురుగు, ఏదో తెలుస్తుంది, ఆడదీ మగదీ జతగా దొరుకుతాయి. ఆతిథేయి తెలియని కొత్త ప్రజాతిని నేను ప్రచురణకు పంపను.

రెండో మెట్టు: అతికించడం

ఆల్కహాల్ లోంచి తీసి నేరుగా గాలికి ఆరబెట్టకండి. కళ్ళు లోపలికి పోతాయి, వక్షం నొక్కుకుపోతుంది. ఆ నొక్కునే కొత్త ప్రజాతి లక్షణంగా రాసినవాళ్ళున్నారు. హెచ్‌ఎమ్‌డీఎస్‌ అనే రసాయనంలో ఆరబెట్టి, కోసిన అట్టముక్క కొన మీద కుడిపక్క అంటించండి. ఇంకొక ఆడదాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పారదర్శకం చేసి, మీసాలు, రెక్కలు, అండనిక్షేపకం (గుడ్లు పెట్టే గొట్టం) విడదీసి కెనడా బాల్సమ్ అనే పారదర్శక జిగురులో స్లైడు చేయండి. మీ దగ్గర ఒకే ఒక్క నమూనా ఉంటే దాన్ని విడదీయొద్దు, దాని మీద ప్రజాతి కూడా పెట్టొద్దు. మళ్ళీ అదే చోటికి వెళ్ళి వెతకండి.

మూడో మెట్టు: ఇది నిజంగా కొత్తదేనా?

ఇక్కడ పీటముడి పడుతుంది. మిగతా పనులన్నీ ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు. ఈ ఒక్కచోట తొందరపడితే తర్వాత చేసినదంతా వృథా.

గుర్తింపు పట్టిక పట్టుకుని ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పోతారు. ఒకచోట రెండు దారులూ మూసుకుపోతాయి. వెంటనే ‘పట్టికలో లేదు కాబట్టి కొత్తది’ అనేస్తారు. ఆ పట్టిక రాసినవాళ్ళు ఆనాటికి, ఆ దేశంలో తెలిసినవాటికే రాశారు. ఎన్‌సిర్టిడేలో ప్రపంచం మొత్తం మీద నాలుగు వందల పైచిలుకు ప్రజాతులున్నాయి. భారత ఉపఖండపు పట్టికలో లేనిది దక్షిణ అమెరికా పట్టికలో ఉండొచ్చు.

పత్తి పిండినల్లి సంగతి మన రైతులందరికీ గుర్తే. దాన్ని తినే ఒక కందిరీగకు 2009లో భారతదేశం నుంచి ‘ఎనాసియస్ బాంబావలై’ అని కొత్త జాతిగా పేరు పెట్టారు. కొన్నేళ్ళకు తేలిందేమిటంటే, అది అంతకుముందే, 1915లో, జిరో అనే శాస్త్రవేత్త అమెరికా నుంచి వర్ణించిన ‘ఎనాసియస్ అరిజోనెన్సిస్’ అని. ఇప్పుడు పాత పేరే చెల్లుతుంది. ఆ పిండినల్లిని మొదట 1898లో వర్ణించింది అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి. పురుగు అక్కడిదైతే దాని శత్రువు కూడా దాని వెంటే వచ్చి ఉండొచ్చు. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న, ‘ఆతిథేయి పుట్టిల్లు ఎక్కడ?’ అని. ఆ దేశపు జాబితాలన్నీ చూడకుండా ముందుకు కదలొద్దు. కుటుంబాల మీద అనుభవమున్నవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

తర్వాతిది మగదాని చిక్కు. ఎన్‌సిర్టిడ్‌లలో చాలా ప్రజాతుల్లో ఆడదీ మగదీ చూడ్డానికి అక్కాతమ్ముళ్ళలా ఉండవు. ఆడదాని మీసాలు పొట్టిగా, బల్లపరుపుగా ఉంటే, మగదానివి సన్నగా, పొడవైన వెంట్రుకలతో ఉంటాయి. రంగూ వేరు, తల ఆకారమూ వేరు. నా దగ్గర పసుపు పళ్ళెంలో పడిన ఒక మగ కందిరీగ ‘కొత్త ప్రజాతి’ అన్న చీటీతో రెండేళ్ళు ఉంది. చిత్రాలు కూడా గీసేశాను. ఆ తర్వాత ఒక జామచెట్టు కొమ్మ మీది మమ్మీలు పెంచుతుంటే అదే మగది, నాకు బాగా తెలిసిన ఒక ఆడదానితో పాటు బయటికి వచ్చింది. ఆ పేపరు పంపి ఉంటే ఇవాళ చెల్లని పేరు ఒకటి నా ఖాతాలో ఉండేది. అప్పటినుంచి హోలోటైప్ (పేరుకు ఆధారంగా ఎంచుకునే ఒకే ఒక్క నమూనా) ఆడదే కావాలన్నది నా నియమం. మగదాని మీద ప్రజాతి నిలబెట్టకండి.

ఒకే జాతిలో కూడా ఒళ్ళు మారుతుంది. ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ అనే గుడ్డు పరాన్నజీవిని తీసుకోండి. చిమ్మటల గుడ్లలో పెరిగితే మగవాటికి రెక్కలుంటాయి. నీటి ఒడ్డున ఉండే ఆల్డర్ ఈగ గుడ్లలో పెరిగితే ఉండవు, మీసాలూ మారిపోతాయి. తల్లి ఒకటే, తిండి మాత్రమే వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ప్రజాతులనే అంటారు. చిన్న పురుగులో పెరిగిన కందిరీగ చిన్నదై, దాని శరీర నిష్పత్తులు కూడా మారతాయి. కాబట్టి పెద్దవీ చిన్నవీ కలిపి కనీసం పది నమూనాలు కొలవండి. పది దొరకవని చెప్పకండి, ఇంకో సీజన్ ఆగండి.

ఇవన్నీ దాటి ‘జాతి కొత్తదే’ అని తేలిందనుకుందాం. ప్రజాతి కూడా కొత్తదేనా? ఒక ఇంట్లో అన్నదమ్ములందరూ పొట్టిగా ఉండి ఒకడు మాత్రం ఆజానుబాహుడైతే వాడికి వేరే ఇంటిపేరు పెట్టం కదా! మీ కందిరీగ తెలిసిన ప్రజాతిలో పుట్టి, ఒకటి రెండు లక్షణాల్లో దారి తప్పినదై ఉండొచ్చు. దాన్ని బయటికి లాగితే, దాని సొంత తోబుట్టువులు పాత ఇంటిపేరుతో అక్కడే మిగిలిపోతాయి. ఆ పాత ప్రజాతి చిల్లుపడిన ఇల్లవుతుంది. ఒక్క మీసం ఖండాల సంఖ్య మీద, ఒక్క రంగు మీద ప్రజాతి పెట్టొద్దు. ఒకదానితో ఒకటి ముడిపడని మూడు లక్షణాలైనా కావాలంటాను: దవడ పళ్ళు, ముందురెక్క మీద వెంట్రుకలు లేని గీత, అండనిక్షేపకం దగ్గరి ఫలకాలు, ఇలాంటివి. చుట్టుపక్కల ప్రజాతులన్నీ ఒక పట్టికలో పెట్టి, మీది ఎక్కడ ఇముడుతుందో చూసుకుని, ఆ తర్వాతే నోరు విప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, దగ్గరి జాతుల టైప్ నమూనాలను (మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిని) కళ్ళతో చూడటం. పాత వర్ణనలను నమ్మి ఊరుకుంటే కుదరదు. జిరో వేల కందిరీగలకు పేర్లు పెట్టాడు. చాలావాటికి కొన్ని వాక్యాలే రాసి, సొంత ఖర్చుతో కరపత్రాలుగా అచ్చువేశాడు. ఆ నాలుగు ముక్కల్లో మీ కందిరీగ దాగి ఉందో లేదో స్లైడు చూస్తే తప్ప తేలదు. మ్యూజియానికి ఉత్తరం రాయండి. నమూనా పంపితే మహాభాగ్యం. పంపకపోతే ఫలానా కోణంలో ఫొటో కావాలని గీసి మరీ అడగండి. నేను ఒక స్లైడు తెప్పించుకుంటే దారిలోనే పగిలి ముక్కలుగా చేరింది. అప్పటినుంచి వీలైతే నేనే వెళ్ళి చూస్తున్నాను. ఆరు నెలలు పట్టినా సరే, జవాబు వచ్చేదాకా ఆగండి.

‘డీఎన్‌ఏ చదివితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది కదా’ అని కుర్రాళ్ళు అడుగుతారు. సీఓఐ బార్‌కోడ్, అంటే జాతిని గుర్తించడానికి వాడే 658 అక్షరాల డీఎన్‌ఏ ముక్క, తీయించండి. ఆడమగల జత కలపడానికి దాన్ని మించింది లేదు. కానీ 2021లో కోస్టారికా నుంచి ఒకే వ్యాసంలో 403 కొత్త బ్రాకనిడ్ (మరో పరాన్నజీవి కుటుంబం) కందిరీగలకు ఎక్కువగా బార్‌కోడ్ ఆధారంగానే పేర్లు పెట్టారు. దాని మీద వర్గీకరణ శాస్త్రవేత్తల్లో పెద్ద చర్చే జరిగింది. నేను ఒప్పుకోని పక్షంలో ఉన్నాను. వందేళ్ళనాటి టైప్‌లలో చాలావాటికి బార్‌కోడ్ లేదు. పొలంలో లెన్సు పట్టుకుని నిలబడ్డ వ్యవసాయాధికారికి అక్షరాల వరుస ఎందుకూ పనికిరాదు. ఏ కాలు ఏ రంగో, ఏ మీసం ఎంత పొడవో చెబితేనే అతను గుర్తుపడతాడు.

ఇంత పట్టుదల ఎందుకంటారేమో. ఆఫ్రికాలో కర్రపెండలాన్ని పిండినల్లి తినేస్తున్నప్పుడు దాని శత్రువు కోసం దక్షిణ అమెరికాలో వెతికారు. మొదట దొరికింది అచ్చం అలాగే ఉన్న వేరే పిండినల్లి. దాని పరాన్నజీవులు ఆఫ్రికాలో పనికిరాలేదు. అసలుది 1981లో పరాగ్వేలో దొరికాక, అనాగైరస్ లోపెజీ అనే కందిరీగను తెచ్చి వదిలారు. అప్పుడు గానీ పంట నిలవలేదు. పేరు తేలని రోజులన్నీ రైతుకు నష్టమే.

నాలుగో మెట్టు: వర్ణన

ముందు ‘డయాగ్నసిస్’ రాయండి. దగ్గరి ప్రజాతి నుంచి, దగ్గరి జాతి నుంచి మీది ఎలా వేరో నాలుగైదు వాక్యాల్లో తేలిపోవాలి. తర్వాత తల నుంచి ఉదరం దాకా వరుసగా వర్ణన. కొలతలు నిష్పత్తుల్లో ఇవ్వండి: మీసపు మొదటి ఖండం పొడవు వెడల్పుకి ఎన్ని రెట్లు, అండనిక్షేపకం నడిమి కాలి జంఘికకు ఎన్ని రెట్లు, అలా. ప్రజాతికి చెందిన లక్షణాలు ప్రజాతి కింద, జాతివి జాతి కింద రాయండి. రెండూ ఒకేచోట కలిపేస్తే రేపు రెండో జాతి దొరికినవాడు మీ ప్రజాతిని అర్థం చేసుకోలేడు. ఫొటోలతో పాటు మీసం, రెక్క చేత్తో గీయండి. గీస్తేనే మీరు చూడనిది కనపడుతుంది.

ఐదో మెట్టు: పేరు

జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. ప్రజాతి పేరు జంతు ప్రపంచం మొత్తంలో ఇంకెక్కడా ఉండకూడదు. ఒక ఈగకో నత్తకో ఆ పేరుంటే మీకు దక్కదు, మొక్కకుంటే ఫర్వాలేదు.

తెలుగు మాటతో ప్రజాతి పేరు పెట్టాలని ఉంటే సంతోషం. అయితే లింగం ఏదో మీరే స్పష్టంగా రాయండి. రాయకపోతే, లాటిన్, గ్రీకు కాని మాట ఇంగ్లీషు ‘ఎ’ (a) అక్షరంతో ముగిస్తే స్త్రీలింగమని, ‘యు’ (u)తో ముగిస్తే నపుంసకమని నియమావళి నిర్ణయిస్తుంది. మన మాటలు చాలావరకు ఉకారాంతాలే కాబట్టి తెలుగువాళ్ళకు ఇది తప్పకుండా తగిలే సమస్య. జాతి పేరు విశేషణమైతే దానితో లింగం కలవాలి. నపుంసక ప్రజాతిలో ‘తెలంగాణెన్సిస్’ అనకూడదు, ‘తెలంగాణెన్సె’ అనాలి. మగవారి పేరు మీదైతే చివర ‘ఐ’ (i), ఆడవారి పేరు మీదైతే ‘ఏఈ’ (ae) అక్షరాలు చేర్చండి. మీ పేరు మీరు పెట్టుకోకండి.

ప్రచురణకు ముందు ఆ పేరు పత్రికవాళ్ళకు చెప్పొద్దు. వర్ణన లేకుండా అచ్చయిన పేరుకు విలువ లేదు, అయోమయం మాత్రం మిగులుతుంది.

ఆరో మెట్టు: భద్రపరచడం, ప్రచురించడం

హోలోటైప్ ఒక్కటే, దానికి ఎర్ర చీటీ. ఏ నమూనా హోలోటైపో, ఏ సంస్థలో ఉందో పేపర్లో స్పష్టంగా రాయాలి. ప్రజాతికి టైప్ జాతి (ఆ ప్రజాతి పేరు ఆధారపడే జాతి) ఏదో చెప్పకపోతే ఆ పేరే చెల్లదు. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం మన దేశంలో కొత్త జాతి దొరికితే గుర్తింపు పొందిన నిలయానికి తెలియజేసి, నమూనా అక్కడ ఇవ్వాలి. కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే గానీ, వ్యవసాయ కీటకాలైతే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఎన్‌బీఏఐఆర్ గానీ. ఇంటి బీరువాలో పెట్టుకోవద్దు, చీమలూ బూజూ మిగల్చవు. హోలోటైప్‌తో పాటు వర్ణనకు వాడిన మిగతా నమూనాలు, అంటే పారాటైప్‌లు ఇంకో మ్యూజియానికీ ఇవ్వండి.

పత్రిక ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే ప్రచురణకు ముందే జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక ఆన్‌లైన్ జాబితా జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ నమోదు రుజువు పేపర్లో కనపడేలా చూసుకోండి. ప్రూఫ్ వచ్చినప్పుడు మొదట చూడాల్సినవి మూడు: పేరు అక్షరాలు, హోలోటైప్‌కు సంస్థ ఇచ్చిన ప్రవేశ సంఖ్య, ఆ జూబ్యాంక్ సంఖ్య. మిగిలిన మమ్మీలను పారేయకండి. రేపు రెండో జాతితో మీ దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట వాటినే అడుగుతారు.