అంతర్ముఖులు దూరపు స్నేహాలను నిలుపుకోవడం ఎలా?

అంతర్ముఖులకు స్నేహితులు దూరమయ్యేది మాట్లాడటం ఇష్టం లేక కాదు. బదులివ్వని సందేశాలు పేరుకుపోయి, ఇక ఏ మొహం పెట్టుకుని పలకరించాలన్న బిడియం వల్ల. అందుకే ముందుగా ఎందరితో అన్నది తేల్చుకోవాలి. కాలేజీ వాట్సాప్ గ్రూపును నిస్సంకోచంగా మ్యూట్‌లో పెట్టి, అర్ధరాత్రయినా ఫోను చేయగలిగినవారి పేర్లు మాత్రం కాగితం మీద రాసుకోండి. అత్యంత సన్నిహితుల వలయంలో ఇమిడేది సుమారు 5 మందేనని మానవ పరిణామాన్ని అధ్యయనం చేసిన రాబిన్ డన్‌బార్ అంటారు.

తరువాత వేళ కుదుర్చుకోవాలి, ఎందుకంటే ‘తీరిక చూసుకుని చేస్తాను’ అన్న ఫోను ఎన్నటికీ చేయము. డాలస్‌లో ఉన్న నా మిత్రుడికి నెలకొక ఆదివారం ఉదయం 7 గంటలకు విశాఖ ఆర్‌కే బీచ్‌లో నడుస్తూ ఫోను చేస్తాను. అక్కడ అప్పటికి శనివారం రాత్రి 8.30, పిల్లలు పడుకున్న వేళ. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడి గడియారాలు గంట వెనక్కు ఉంటాయి కనుక, చలికాలంలో నేను 8 గంటలకు బయలుదేరుతాను. నడకలో మాట ఆగినా అలల చప్పుడు ఉంటుంది, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర వెనుదిరిగి ఇంటి దారి పట్టేసరికి సంభాషణ దానంతటదే ముగింపుకు వస్తుంది. వీడియో కాల్‌లో ఈ సుఖం లేదు. నా మొహం నేనే చూసుకుంటూ మాట్లాడటం నాకు పెద్ద అలసట.

మధ్య వారాలకు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు. అందులో కుశల ప్రశ్నలు వేయకండి, వేస్తే అవతలివారికి జవాబు బాకీ పడుతుంది, కంటబడినదేదో చెప్పండి. ‘ఒరేయ్, బీచ్‌లో మురీ మిక్చర్ బండివాడు ఇవాళ అడక్కుండానే ఉల్లిపాయలు రెట్టింపు వేశాడు, నువ్వు గుర్తొచ్చావు, జవాబు అక్కర్లేదు’ అని మొన్న నేను పంపాను.

నెలల తరబడి మాటలు ఆగిపోతే క్షమాపణలతో మొదలుపెట్టకండి, ఆ సంజాయిషీ రాయలేకనే మరో నెల గడిచిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక, ఫోన్లు మూగబోయిన విశాఖలో సిగ్నల్ దొరికిన క్షణాన నేను ఆ డాలస్ మిత్రుడికి పంపింది ‘బాగున్నాను’ అన్న ఒక్క మాటే. అంతకుముందు మూడు నెలలుగా ఎందుకు పలకలేదని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు; ‘ఇంటి ముందు చెట్టు ఉందా?’ అని మాత్రం అడిగాడు.