బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతుంటే కండ కరగకుండా చూసుకోవడం ఎలా?

మా గుంటూరులో ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా పంక్తిలో ఒకరిద్దరు సగం విస్తట్లోనే వదిలేసి లేస్తున్నారు. అడిగితే "వారానికో సూది వేసుకుంటున్నా వదినా, తినబుద్ధి కావట్లేదు" అంటారు. ఈ సూదుల్లో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆకలి తగ్గిస్తాయి, కడుపు మెల్లగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. కానీ తగ్గే బరువంతా కొవ్వే కాదు. నాలుగు కిలోలు తగ్గితే అందులో కిలో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, కండ లాంటివి పోతాయి. ముట్లు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి ఎముకలు ఎలాగూ బలహీనపడుతుంటాయి. అందుకే మనకి జాగ్రత్త ఎక్కువ కావాలి.

1. ముందు డాక్టరుకు అన్నీ చెప్పండి. షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడుతుంటే షుగర్ బాగా పడిపోవచ్చు, వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు. మీకు గానీ మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ మందులు వాడకూడదు. రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కంగారుపడకండి, అది వేరు. బరువు తగ్గాక ఆ మాత్ర మోతాదు మాత్రం ఒకసారి చూపించుకోండి. ముట్లు అటూ ఇటూ అవుతున్నా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు మౌంజారో మొదలుపెట్టాక 4 వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ లాంటి వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి.

2. అన్నం చివర్లో తినండి. ఇది మనవాళ్లకి మింగుడుపడని మాటే! మొదటి ముద్ద పచ్చడిలోనే కలపాలి కదా. కానీ నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేటప్పుడు ఆ నాలుగూ అన్నమే అయితే కండకి ఏం మిగులుతుంది? గుడ్డు, చేప, చికెన్, పప్పు, పెరుగు ముందు తినండి. కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అనుకుంటే, 65 కిలోల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 20 దాకా ఉంటుంది. పప్పన్నం తిన్నాం కదా అనుకుంటాం గానీ, కంచంలో చూస్తే పప్పు రెండు గరిటెలే. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు మేలు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంతో డాక్టరునే అడగాలి.

3. నడక ఒక్కటే చాలదు. ఎన్టీఆర్ స్టేడియంలో రోజూ పది రౌండ్లు కొట్టినా గుండెకి మంచిదే గానీ కండ నిలబడాలంటే బరువు మోయాలి. వారానికి రెండు మూడు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకి చేతులు పెట్టి తోయడం 10 సార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో పైకెత్తడం. జిమ్‌కి డబ్బు అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులుంటే ఎత్తు కుర్చీ తీసుకోండి.

4. వికారం, మలబద్ధకం మొదట్లో మామూలే. మిరపకాయ బజ్జీలు, నూనె తేలే కూరలు తగ్గిస్తే సగం సర్దుకుంటుంది. ఆకలితో పాటు దాహం కూడా తెలియకపోవచ్చు, కాబట్టి నీళ్లు, పల్చటి మజ్జిగ గుక్కగుక్కగా తాగుతుండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి వీపు దాకా పాకుతుంటే, వాంతులు ఆగకపోతే గ్యాస్ అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

5. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో వద్దు. ఎండాకాలంలో కొనుక్కొచ్చేటప్పుడు స్కూటీ డిక్కీలో పెట్టకండి.

6. బరువుతో పాటు అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో నెలకోసారి క్యాలెండర్ మీద రాసుకోండి. కిలోలు తగ్గుతూ ఆ అంకె కూడా తగ్గుతుంటే, మోతాదు పెంచే ముందు ఆ క్యాలెండర్ డాక్టరుకు చూపించండి.