ఇంగ్లీష్ నవలలో పాత కథ తగిలితే ఎలా చదవాలి

ఇంగ్లీష్ క్లాసిక్ చదువుతుంటే పేజీ కింద "ఇది బైబిల్ నుంచి", "ఇది గ్రీకు పురాణం నుంచి" అని ఒక నోట్ కనిపిస్తుంది, చాలామంది ఓహో అనుకుని ముందుకెళ్ళిపోతారు. అక్కడ ఆగండి. పాత కథ ఏదో తెలియడం సగం పనే, రచయిత దాన్ని ఎక్కడ మార్చాడో చూస్తేనే నవల తెరుచుకుంటుంది.

మొదట పేర్లు పట్టుకోండి. అమెరికన్ రచయిత మెల్విల్ 1851లో వేసిన తిమింగలాల వేట నవల 'మోబీ డిక్'లో కథ చెప్పేవాడు తనను ఇష్మాయేల్ అని పిలవమంటాడు. బైబిల్లో ఇష్మాయేలు అంటే అబ్రాహాముకు దాసి హాగరు కన్న కొడుకు, తల్లితో పాటు ఎడారిలోకి గెంటేసిన పిల్లాడు. ఓడ కెప్టెన్‌ది ఇశ్రాయేలును ఏలిన దుష్టరాజు అహాబు పేరు. ఆ రాజును హెచ్చరించిన ప్రవక్త ఏలీయా, నవలలో కూడా ఓడెక్కకముందే ఎలైజా (ఏలీయాకే ఇంగ్లీష్ రూపం) అనే మనిషి ఎదురై హెచ్చరిస్తాడు. తెలుగు బైబిల్లో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, పేర్ల స్పెల్లింగ్ మారిపోతుంది: జోబ్ అక్కడ యోబు, కెయిన్ కయీను, రేచల్ రాహేలు.

తర్వాత మూలకథే చదవండి, ఎవరో రాసిన సారాంశం వద్దు. దేవుడు తన అర్పణను ఒప్పుకోలేదని కయీను తమ్ముడు హేబెలును చంపేసిన కథ బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండము 4వ అధ్యాయంలో ఉంది, మొత్తం అధ్యాయం 26 వచనాలే. పైగా మూలం చూస్తే మనకు తెలుసనుకున్నవి కూడా సరి అవుతాయి, ఏదెను తోటలో ఆదాము హవ్వలు తిన్నది ఆపిల్ అని ఆదికాండము ఎక్కడా చెప్పదు, పండు అంటుంది అంతే.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ విడిపోయాయో వెతకండి. నాకు బాగా ఇష్టమైనది 'మోబీ డిక్'లో రేచల్ అనే ఓడ. బైబిల్లోని యిర్మీయా గ్రంథంలో రాహేలు పోయిన పిల్లల కోసం ఏడుస్తుంది, ఎవరు ఓదార్చినా వినదు. నవలలో ఆ ఓడ కెప్టెన్ సముద్రంలో తప్పిపోయిన కొడుకును వెతకడానికి సాయం చెయ్యమని అహాబ్‌ను బతిమాలతాడు, అహాబ్ కాదంటాడు. చివరికి అహాబ్ ఓడ మునిగిపోతుంది, పిల్లల కోసం ఇంకా తిరుగుతున్న రేచల్‌కు దొరికింది ఇష్మాయేల్ ఒక్కడే, ఇంకెవరి బిడ్డో. పాత కథలో ఓదార్పు లేని తల్లి ఇక్కడ గెంటేసిన పిల్లాడిని ఒడిలోకి తీసుకుంటుంది! ఇది ఏ ఫుట్‌నోట్ చెప్పదు, మీరే పక్కపక్కన పెట్టి చూడాలి.

స్టెయిన్‌బెక్ 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' (1952) కూడా ఇలాగే చదవండి. అందులో కాల్ తండ్రికిచ్చిన కానుకను తండ్రి తోసేస్తాడు, కయీను అర్పణలాగే. కానీ కాల్ తన కవల సోదరుణ్ణి తన చేత్తో చంపడు, అతని మనసు విరిచేస్తాడు, ఆ సోదరుడు సైన్యంలో చేరి యుద్ధంలో చనిపోతాడు. మరి తప్పు ఎంతవరకు కాల్‌ది? నవల బరువంతా ఆ తేడాలోనే ఉంది.

ఆర్కిటైప్ దగ్గర మాత్రం జాగ్రత్త. అల్యూజన్ అంటే ఫలానా కథనే వేలెత్తి చూపడం. ఆర్కిటైప్ అంటే ఎన్నో కథల్లో తిరిగే అచ్చు: ఇల్లు వదిలి వెళ్ళి మారి తిరిగొచ్చేవాడు, దారి చూపే ముసలివాడు, ఊరి పాపం మోసేవాడు. అచ్చు కనిపించినంత మాత్రాన క్రీస్తు అనో గ్రీకు వీరుడు ఒడిస్సియస్ అనో పేరు తగిలించకండి. హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ'లో ముసలి జాలరి శాంటియాగోను క్రీస్తుతో పోల్చడానికి గట్టి ఆధారాలున్నాయి: చేతులకు గాయాలు, చేతుల్లోంచి మేకు దిగి చెక్కలోకి వెళ్తే మనిషి నోట వచ్చే శబ్దం అన్న వర్ణన, తెరచాప కొయ్యను భుజాన వేసుకుని ఎక్కుతూ కూలబడటం, చివరికి చేతులు చాపి అరచేతులు పైకి పెట్టి పడుకోవడం. మీరు చదివే పుస్తకంలో ఇలాంటివి కనీసం రెండు మూడు దొరికాకే ఆ పేరు వాడండి.