ముందు రాడార్ హెచ్చరిక వెలిగితే: అనుమానించవలసినది సెన్సర్‌ని కాదు

ఢీకొనే ముప్పును ముందే పసిగట్టే రాడార్ కారు ముందు భాగంలో, సాధారణంగా గ్రిల్లు వెనుకో, లోగో వెనుకో, బంపర్ కింది భాగంలోనో ఉంటుంది. డాష్‌బోర్డుపై హెచ్చరిక కనిపించగానే సెన్సర్ పోయిందని చాలామంది తీర్మానించేస్తారు. నా జాబితాలో అది చివరి అనుమానం.

వానలోనో మంచులోనో హెచ్చరిక వస్తుంది, కాసేపటికి పోతుంది

ఇప్పటి రాడార్లు ఎక్కువగా 76–81 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. తరంగం పొడవు 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పొగమంచును అవి సులువుగా దాటుతాయి. రాడార్ ముందున్న కవచానికి అంటుకున్న నీటి పొర, తడి మంచు, బురద మాత్రం వాటిని మింగేస్తాయి. మెత్తని గుడ్డతో, సబ్బు నీళ్లతో తుడిచి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. గీకడం వద్దు.

బంపర్ మరమ్మతు తర్వాత ఖాళీ దారిలో బ్రేక్ పడుతోంది, లేదా పక్క వరుస (లేన్)లోని బండికి స్పందిస్తోంది

అసలు చిక్కంతా ఇక్కడే. బంపర్ బయటికి నిగనిగలాడుతున్నా, రాడార్ ముందు పుట్టీ, పొర మీద పొరగా వేసిన పెయింటు, లోహపు రేణువులున్న రంగు ఉంటే తరంగాలు బలహీనపడతాయి, వంగుతాయి. లోహపు పూత ఉన్న అలంకార లోగో మరీ చేటు. రాడార్ కోసం చేసిన లోగోనే పెట్టాలి.

రెండో అనుమానం కోణం. రాడార్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో తేడా సుమారు 1.75 మీటర్లు, అంటే దాదాపు సగం వరుస. చిన్న దెబ్బకే ఇది జరగవచ్చు. బ్రాకెట్ వంగిందేమో చూసి, చక్రాల అలైన్‌మెంట్ సరిచేయించి, ఆ తర్వాతే రాడార్ క్యాలిబ్రేషన్ (చూపు దిశను సరిచేయడం) చేయించండి. ఈ క్రమం తలకిందులైతే పని మళ్లీ మొదటికొస్తుంది. డిక్కీలో బరువు ఎక్కువై కారు ముక్కు పైకి లేచినా చూపు తప్పుతుంది. దానికి మందు బరువు దించడమే.

రోడ్డుపై పరిచిన ఇనుప రేకుల దగ్గరో, మలుపులోని లోహపు కంచె దగ్గరో మాత్రమే ఇలా జరిగితే మెకానిక్ చేయగలిగింది తక్కువ. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడగండి.

ఆగి ఉన్న బండిని పట్టించుకోలేదు

ఇది లోపం కాకపోవచ్చు. డాప్లర్ ప్రభావంతో (కదిలే వస్తువుకు తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారడం) కదిలేవాటిని రాడార్ తేలిగ్గా వేరుచేస్తుంది. ఆగి ఉన్న బండి మాత్రం మ్యాన్‌హోల్ మూతల్లో, తలపైని సూచిక బోర్డుల్లో కలిసిపోతుంది. అందుకే కొన్ని వ్యవస్థలు కెమెరా కూడా నిర్ధారిస్తేనే బ్రేక్ వేస్తాయి. మీ కారు మాన్యువల్‌లో పరిమితులు చదవండి.

తుడిచినా హెచ్చరిక పోదు

బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజు, కనెక్టర్‌లో తేమ చూడండి. తర్వాత కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ తీయించండి: అడ్డంకి, అమరిక, సమాచార మార్పిడి లోపం వేర్వేరు కోడ్‌లుగా కనిపిస్తాయి. అంతర్గత లోపమని కోడ్ తేల్చితేనే కొత్త రాడార్ కొనండి. దాన్ని బిగించడంతో సరిపోదు. ఆ కారుకు తగ్గట్టు కోడింగ్ (సెట్టింగులు నమోదు చేయడం), క్యాలిబ్రేషన్ రెండూ చేయించాలి.