ప్రార్థన మనవి పక్కనే ఒక పని రాసుకోండి

ఆదివారం చర్చిలో ఎవరిదైనా కష్టం విన్నప్పుడు "ప్రార్థన చేస్తాం, ఏమైనా కావాలంటే చెప్పండి" అంటాం. వాళ్లు మొహమాటంతో అడగరు. సోమవారానికి మన పనుల్లో మనం పడిపోతాం.

అందుకే ప్రార్థన మనవి రాసుకునేటప్పుడే, పేరు పక్కన 30 నిమిషాల్లో అయ్యే పని ఒకటి, దానికో రోజు కూడా రాసుకోండి. మందులు తెచ్చివ్వడం, ఏదైనా ఫారం నింపిపెట్టడం, ఓ అరగంట పిల్లల్ని చూసుకోవడం లాంటివి. ఫోన్‌లో అలారం పెట్టుకుని, "మంగళవారం సాయంత్రం 6 గంటలకి మందులు తెచ్చివ్వనా?" అని అడగండి. రోజు, పని రెండూ మనమే చెబితే అవతలివాళ్లకి సరేననడం తేలిక. వారానికి ఒక్క పేరు చాలు, ఐదారు రాసుకుంటే ఏదీ జరగదు. చర్చికి రాని పొరుగువాళ్లనీ మర్చిపోవద్దు, వాళ్ల గురించి ఆరా తీసేవాళ్లే తక్కువ. బైబిల్లోని యాకోబు పత్రిక 2:15-16 అడిగేది కూడా ఇదే కదా: బట్టలు, తిండి లేనివాళ్లకి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా, అంటే ప్రశాంతంగా, వెళ్లమంటే ఏం ప్రయోజనం?

మంచాన పడ్డవాళ్ల విషయంలో మాత్రం ఒక్కరితో ఇది సాగదు. ముగ్గురు నలుగురు వంతులు వేసుకోవాలి. ఇంకొకరికి చెప్పేముందు ఆ ఇంటివాళ్లని అడగండి, జబ్బు వివరాలు బయటపెట్టకండి.