నత్తి – నాలుగో పాఠం: టెన్షన్ తగ్గాకే మాట్లాడదామనుకుంటే

ఎప్పుడు నత్తి ఎక్కువైందో, అప్పుడు మనసులో ఏముందో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. రాశారు, సంతోషం. కానీ చాలామంది టెన్షన్ వల్లే నత్తి వస్తోందని తేల్చేసుకున్నారు. ఇప్పుడు ఇంట్లో అమ్మతో నింపాదిగా మాట్లాడేటప్పుడు మాట ఆగినా, "ప్రశాంతంగానే ఉన్నా కదా, మళ్లీ ఎందుకు?" అని కొత్త దిగులు.

నత్తికి మూలం టెన్షన్ కాదు. చాలామందికి అది 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మెదడు మాటను నడిపే తీరులోని తేడా, వంశపారంపర్యం దాని వెనుక ఉంటాయి. భయం, సిగ్గు, తొందర దాన్ని పెంచుతాయి. సంతోషం కూడా పెంచుతుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయినవాళ్లు మీలోనే ఉన్నారు. అదే అలిపిరి మెట్ల మీద పదిమందితో గొంతు కలిపి గోవింద నామాలు చెబితే, కాళ్లు వణుకుతున్నా, ఆయాసం వస్తున్నా నత్తి దాదాపుగా రాదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన సంగతి. ఒకాయన పుత్తూరు వెళ్లాలి. తిరుపతిలో ఎక్కిన బస్సులో కండక్టర్ "యాడికన్నా?" అనగానే, "పు" దగ్గర ఆగిపోతానన్న భయంతో, పుత్తూరు దాటాక వచ్చే నగరికి టికెట్ తీసుకుని పుత్తూరులో దిగిపోయాడు. నోట్‌బుక్‌లో "నత్తి రాలేదు, టెన్షన్ లేదు" అని రాసుకున్నాడు. దయచేసి దాన్ని గెలుపు లెక్కలో వేయకండి. మాట మార్చిన క్షణాన మనసు తేలికపడింది నిజమే. ఆ తేలికే భయానికి మేత. రేపు "పు" ఇంకా బరువవుతుంది, ఎల్లుండి పాకాల, ఆ తర్వాత పీలేరు. చివరికి ఇంటర్వ్యూలో పేరడుగుతారు. ఊరు మార్చినట్టు పేరు మార్చి చెప్పలేం కదా!

కండక్టర్ మీ సీటు దగ్గరికి రాకముందే ఏం జరుగుతోందో గమనించండి. పెదవులు బిగుసుకున్నాయి, ఊపిరి ఆగింది, మెడ నరాలు లాగుతున్నాయి. ఆ బిగువు మీదే "పు"ను తోస్తే పెదవులు ఇంకా గట్టిగా మూసుకుంటాయి. టెన్షన్ పనిచేసేది ఇక్కడే. చెప్పాలన్న తపన ముందుకు, నత్తి బయటపడుతుందన్న భయం వెనక్కి లాగుతాయని అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్ 1953లోనే రాశాడు. ఆయనకూ నత్తి ఉండేది.

ఊపిరి వ్యాయామాలు చెప్పమని అడుగుతున్నారు. నాకు వాటి మీద పెద్ద గురి లేదు, వదిలేద్దాం.

అభ్యాసం: బస్టాండులో ఐదుగురిని పుత్తూరు బస్సు ఎక్కడ ఆగుతుందని అడగండి. పెదవులు వదులుగా తాకిస్తూ, కావాలనే "పు, పు, పుత్తూరు" అనండి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి. వాళ్లు మాట అందించబోతే ఆగి, మీరే పూర్తి చేయండి. గుండె దడదడలాడినా సరే, అది తగ్గేదాకా ఆగొద్దు. నోట్‌బుక్‌లో ఈసారి నత్తి ఎన్నిసార్లు వచ్చిందో రాయకండి, ఎన్ని మాటలు మార్చారో రాయండి.

చిన్నపిల్లలతో ఇది చేయించకండి, వాళ్లను స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.