సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకి సరైన ధర, నాలుగో పాఠం: ఓనర్ పెట్టిన ఖర్చు మీ లెక్కలోకి ఎందుకొచ్చింది?

ఈసారి టెస్ట్ డ్రైవ్ గురించి రాస్తానని చెప్పాను కదా, అది ఐదో పాఠానికి వాయిదా పడింది. మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక, వాటిలోని తప్పు సరిచేయకుండా మిమ్మల్ని స్టీరింగ్ ముందు కూర్చోబెడితే అక్కడికక్కడే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేసి వస్తారని అర్థమైంది.

ఇచ్చిన పని చిన్నదే. ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, ఒక స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, ఈ రెండు సెకండ్ హ్యాండ్ బండ్లకీ చెన్నై, బెంగుళూరు, తిరుపతి ప్రకటనలు చూసి సరైన ధర తేల్చమన్నాను. (పోలో స్పోర్ట్స్ కారెలా అవుతుందని ఇద్దరు ముగ్గురు పోట్లాటకొచ్చారు. మన తిరుపతిలో మన జేబుకి అందేవి ఇవే. మస్టాంగ్ కొనేవాళ్ళకీ లెక్క ఇదే, చివర సున్నాలు ఎక్కువ, అంతే.) చాలామంది పది ప్రకటనలు ఏరి, అందులో అడిగిన ధరలన్నీ కూడి, పదితో భాగించి పంపారు. అలా వచ్చేది అమ్మేవాళ్ళ ఆశల సగటు. ఆ రేటుకి ఒక్క బండి కూడా అమ్ముడుపోయి ఉండకపోవచ్చు. అమ్ముడుపోనివే కదా ప్రకటనల్లో నెలల తరబడి కనిపించేది.

ఇంకో తప్పు, పేరు ఒకటే కదా అని వేర్వేరు బండ్లని ఒకే కుప్పలో వేయడం. పోలో జీటీ టీఎస్ఐ 2020లో బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధనలు) వచ్చే ముందు వరకు 1.2 లీటర్ ఇంజిన్, 7 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). ఆ తర్వాత 1.0 లీటర్ ఇంజిన్, 6 గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. వెనక బ్యాడ్జ్ ఒకటే, లోపల బండి వేరు. డీఎస్‌జీలో మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ భాగం) పోతే వచ్చే బిల్లు రెండో దాంట్లో రాదు, మొదటి దాని గేర్ మారే వేగమూ రెండో దాంట్లో లేదు. వీఆర్ఎస్ కూడా అంతే, 2017లో వచ్చింది 230 హార్స్‌పవర్‌ది, 2020లో వచ్చింది 245ది. ఆ 245 మన దేశం మొత్తానికి 200 బండ్లే, అప్పట్లో ఎక్స్‌షోరూమ్ 35.99 లక్షలు. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే ఆ ధర ఏ బండికీ సరిపోదు. పైగా 2025 అక్టోబర్‌లో ఆక్టేవియాలోనే కొత్త ఆర్ఎస్ 49.99 లక్షలకి వచ్చాక పాత వీఆర్ఎస్ ఓనర్లు కొందరు రాత్రికి రాత్రి రేటు పెంచేశారు. కొత్తది వంద బండ్లే, అన్నీ అయిపోయాయి, కాబట్టి నాది కూడా పెరిగిందని వాళ్ళ వాదన. పెరిగిందో లేదో ప్రకటన చెప్పదు, కొన్నవాడు చెప్పాలి.

మరి అసలు ధర ఎలా దొరుకుతుంది? మొదటి దారి ఓపిక. ఒక ప్రకటనని పట్టుకుని, అది ఎప్పుడు పెట్టారో, ఎప్పుడెప్పుడు తగ్గించారో, ఏ ధర దగ్గర మాయమైందో రాసుకోండి. మాయమయ్యే ముందు ఉన్న ధర కంటే కొంచెం కింద బేరం తెగి ఉంటుంది. రెండో దారి నా షార్ట్‌కట్, కొందరికి నచ్చదు. డీలర్‌కి ఫోన్ చేసి కొంటానని చెప్పను, నా దగ్గర ఫలానా బండి ఉంది, ఎంతకి తీసుకుంటావు అని అడుగుతాను. "బండి చూడకుండా ఎట్లా చెప్పేదన్నా" అంటాడు. "నీట్‌గా ఉంది అనుకోని చెప్పబ్బా" అంటే ఒక అంకె వస్తుంది. అది కింది గీత. వారం తర్వాత ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి అదే బండి కావాలని అడిగిస్తే వచ్చేది పై గీత. ఓనర్ దగ్గర నేరుగా కొంటే సరైన ధర ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఇది ఏ మార్పులూ లేని, కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండికి. నేను మొదటి ధర అనేది దీన్నే.

ఇక నాకు ఒళ్ళు మండిన విషయానికొస్తాను. మొదటి ధర సరిగ్గా తేల్చినవాళ్ళు కూడా, ఆ తర్వాత ఓనర్ బండి మీద పెట్టిన ఖర్చు దానికి కలిపేశారు. కొందరైతే బిల్లులు ఉన్నాయి కాబట్టి కలిపామని రాశారు. బిల్లు ఉంటే ఖర్చు నిజమని తెలుస్తుంది, అది మీరు కట్టాలని ఎక్కడుంది? ఇల్లు అద్దెకి అడగబోతే, పాత అద్దెదారు గోడలకి వేయించిన రంగు డబ్బులు మీ దగ్గర వసూలు చేసినట్టుంటుంది ఇది. ఆ రంగు మీకు నచ్చాలని కూడా లేదు.

మాటలు ఇలా మొదలవుతాయి: "అన్నా, ఎగ్జాస్ట్‌కే లక్షా ఇరవై పెట్టినా, రీమ్యాప్‌కి యాభై అయిదు, అల్లాయ్స్ లక్ష. పందొమ్మిదిన్నర చెప్తా ఉండా, బండి చూస్తే మీకే అర్థమైతాది." వాట్సాప్‌లో బిల్లుల ఫొటోలు వరసగా దిగుతాయి. అన్నీ నిజమైనవే, అదే మిమ్మల్ని పడేసేది.

ఒక్కొక్కటే చూద్దాం. ఎగ్జాస్ట్, అంటే మార్చిన పొగ గొట్టం: మోత పెరుగుతుంది, పోలీసులు ఆపుతారు, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర గొడవ. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని స్పష్టంగా చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చి ఉంటే, యాక్సిడెంట్ క్లెయిమ్ రోజున ఆ పైపే మీకు అడ్డం తిరుగుతుంది. కాబట్టి ఓనర్‌ని అడగాల్సింది బిల్లు కాదు, "పాత ఎగ్జాస్ట్ ఎక్కడుంది?" అని. గోడౌన్‌లో ఉంది, బండితో పాటు ఇస్తానంటే కలపడమూ లేదు, తీయడమూ లేదు. అమ్మేశాను అంటే, కంపెనీదే కొత్తది కొని మళ్ళీ బిగించడానికి అయ్యేదంతా మొదటి ధరలోంచి తీసేయండి.

రీమ్యాప్, అంటే బలం పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం, ఇంకా చెడ్డది, ఎందుకంటే కంటికి కనిపించదు. వెనక్కి మార్చేయొచ్చన్నా అంటారు. సాఫ్ట్‌వేర్ మారుతుంది, అన్నాళ్ళు ఎక్కువ బలం తట్టుకున్న క్లచ్ మారదు కదా. 1.2 పోలోలో ఉన్న పొడి క్లచ్‌ల (నూనెలో మునగని) డీఎస్‌జీకి కంపెనీ పెట్టిన టార్క్ (తిప్పే బలం) హద్దు 250 న్యూటన్ మీటర్లు. బండి మామూలుగా ఇచ్చేది 175. రీమ్యాప్‌తో ఆ మధ్య ఉన్న ఖాళీని ఎంత తినేశారో మీకు తెలీదు, ఓనర్‌కీ తెలీకపోవచ్చు. అందుకే పొడి క్లచ్ బండికి రీమ్యాప్ ఉందంటే నేను ధర లెక్క కూడా మొదలుపెట్టను, టీ తాగి వచ్చేస్తాను. వీఆర్ఎస్ 230లో ఉన్నది నూనెలో మునిగి ఉండే 6 గేర్ల డబ్బా, అది కాస్త నయం. అయినా 60 వేల కిలోమీటర్లకోసారి మార్చాల్సిన గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారా అని మాత్రం బిల్లు అడగండి. ఈ ఒక్కచోట బిల్లుకి నిజంగా విలువ ఉంది.

అల్లాయ్ వీల్స్, కిందికి దించిన స్ప్రింగులు, డిక్కీ సగం మింగిన సబ్ వూఫర్, రూఫ్ మీద నల్ల స్టిక్కర్ వీటికి విడివిడిగా చెప్పను, అన్నింటికీ ఎగ్జాస్ట్‌కి చెప్పిన రూలే. స్ప్రింగులు దించిన బండితో తిరుపతి కరకంబాడి రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద ఒక్కసారి వెళ్ళి చూడండి, ఎంత తగ్గించాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అంకెలు. ఇవి లెక్క కోసం అనుకున్నవి, ఈ వారం మార్కెట్ రేట్లు కావు. 2018 వీఆర్ఎస్, డీలర్ కొనేది 15.5 లక్షలు, అమ్మేది 18 లక్షలు, మధ్యలో మొదటి ధర 16.75. టైర్లు అయిపోయాయి, 60 వేలు. ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు 40 వేలు. గేర్‌బాక్స్ ఆయిల్‌తో కలిపి పెద్ద సర్వీస్ బాకీ ఉంది, 35 వేలు. మిగిలింది 15.40. పాత ఎగ్జాస్ట్ లేదు, తిరిగి పెట్టించడానికి ఒక లక్ష. 14.40. ఓనర్ లెక్క ఏంటి? 16.75కి తను ఎగ్జాస్ట్, రీమ్యాప్, అల్లాయ్స్‌కి పెట్టిన 2.75 కలిపి 19.50. మీలో ఎక్కువమంది పద్ధతిలో అయితే, పెద్ద మనసుతో టైర్ల డబ్బులు మాత్రం తగ్గించి 18.90 సరైన ధర అంటారు. నాలుగున్నర లక్షల తేడా అబ్బా!

దీనికి తిరగేసి కూడా తప్పు చేస్తారు. కొత్త టైర్లు వేయించాడు కాబట్టి 60 వేలు కలపాలా అని అడిగారు. వద్దు. మొదటి ధరలో నడవగలిగిన టైర్లు ఉన్నాయనే అనుకున్నాం, కాబట్టి కొత్తవి ఉంటే తీసేయడం ఆగుతుంది, అంతవరకే. టైరు గీతలు బాగున్నాయి కదా అని ఊరుకోకండి, పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. ఇలాంటి బండ్లు ఎక్కువ రోజులు కవర్ కింద నిద్రపోతాయి, గీతలు అరగవు, రబ్బరు మాత్రం మన ఎండలకి గట్టిపడుతుంది.

లైఫ్ ట్యాక్స్ గురించి వచ్చిన గందరగోళం కూడా ఇక్కడే తీర్చేస్తాను. బెంగుళూరు బండి తెచ్చి తిరుపతిలో ఉంచుకుంటే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, దానికి చట్టం ఇచ్చే గడువు 12 నెలలు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఆ డబ్బుని కొందరు ఓనర్ ధరలోంచి తీసేశారు. వాడికేం పని? వాడు రేపు బెంగుళూరు జయనగర్‌లోనే ఇంకొకరికి అమ్ముకుంటాడు. అది సరైన ధరని మార్చదు, మీరు ఎంతవరకు వెళ్ళగలరో దాన్ని మారుస్తుంది. ఈ రెండు అంకెలు కాగితం మీద వేర్వేరుగా రాసుకోండి. కర్ణాటక నుంచి ట్యాక్స్ రిఫండ్ వస్తుంది కదా అంటారు, వచ్చినప్పుడు చూసుకుందురుగాని, ఇప్పుడు కలపకండి. "ఇన్సూరెన్స్‌లో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది" అనే మాటకి కూడా విలువ సున్నా, ఆ బోనస్ మనిషిది, బండిది కాదు, ఓనర్‌తోనే వెళ్ళిపోతుంది.

నంబర్ ప్లేట్ మీద ఒక్క మాట. 2019లో జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ మొదలైంది, కాబట్టి 2020 మోడల్ అని చెప్పి ఏపీ 03 (పాత చిత్తూరు జిల్లా) నంబర్ చూపిస్తే ముందు ఆర్సీలో తేదీ చదవండి.

చెన్నై బండ్లకి ఒక హెచ్చరిక. 2015 డిసెంబర్, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను, ఈ రెండు వరదల్లో మునిగిన బండ్లు ఎటు పోయాయనుకుంటున్నారు? శుభ్రం చేసి వేరే ఊళ్ళలో అమ్ముతారు, మనం కొన్ని గంటల దూరంలోనే ఉన్నాం. సీటు బెల్టుని చివరి వరకు లాగండి, రోజూ బయటకి రాని ఆ ఆఖరి జానెడు మీద బురద గీత ఉంటుంది. సీటు కింద పట్టాల బోల్టులకి తుప్పు చూడండి, స్టెప్నీ తీసి ఆ గుంతలో చెయ్యి పెట్టండి. తేడా కనిపిస్తే ఎంత తగ్గించాలి అని నన్ను అడగొద్దు. ఎంత తగ్గించినా వద్దు.

సన్‌రూఫ్‌కి ఎంత కలపాలని అడిగినవారికి, నేనైతే పైసా కలపను. మీ ఇష్టం మీది. తెలుపు రంగు నాకు నచ్చదు, కానీ మళ్ళీ అమ్మేటప్పుడు అదే తొందరగా పోతుంది, అదీ మీ ఇష్టమే. తిరుమల ఘాట్‌లో నడిపి చూడొచ్చా అన్నవారికి, వద్దు. అక్కడ ఎంతసేపట్లో చేరారో లెక్క చూస్తారు, పైగా అది బండి పరీక్షలకి కట్టిన రోడ్డు కాదు. ఎక్కడ నడపాలో వచ్చే పాఠంలో.

అభ్యాసం, ఈసారి కాస్త కష్టమే. ఒకే మోడల్, ఒకే ఇంజిన్, ఒకే గేర్‌బాక్స్ ఎంచుకుని ఎనిమిది ప్రకటనలని నెల రోజులు గమనించండి. అందులో కనీసం రెండు మార్పులు చేసిన బండ్లు ఉండాలి. ఆ ఓనర్లకి ఫోన్ చేసి పాత సామాన్లు ఎక్కడున్నాయో అడిగి, వాళ్ళు అన్న మాటని అన్నట్టే రాయండి. ఒక బండినైనా నేరుగా వెళ్ళి చూసి, స్టెప్నీతో కలిపి అయిదు టైర్ల నాలుగంకెలూ పంపండి. చివర సరైన ధర ఒకటి, మీ పరిమితి ఒకటి, రెండే అంకెలు. "పదిహేను, పదహారు మధ్యలో" అని పంపినవి చదవకుండా వెనక్కి పంపేస్తాను.